దిగులు కూడ వ్యాధియే

జ్వరము వచ్చినవాడు వైద్యుని యొద్దకు పోవుటకు సిగ్గుపడడు. కాలు విరిగినవాడు కట్టు కట్టించుకొనుటకు ముహూర్తము చూడడు. కాని మనస్సు కుంగిన మనిషి మాత్రము నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల తరబడి, ఎవరికిని చెప్పక తనలో తానే దాచుకొని కృశించును. మన యిండ్లలో ఈ స్థితికి పేర్లు లేకపోలేదు. తెలుగువారు దిగులనిరి, బెంగ యనిరి, గుబులనిరి, మనసు బాగుండలేదనిరి. ఉర్దూ మాటలాడు ఇండ్లలో ఉదాసీ యనిరి, దిల్ బైఠ్ గయా అనిరి. ఇన్ని పేర్లున్నను వ్యాధియను పేరు మాత్రము దానికి పెట్టలేదు. వ్యాధి యని యెంచని దానికి వైద్యమును వెదకువాడెవడు?

నేటి వైద్యులు డిప్రెషన్ అని పిలుచు ఈ మానసిక కుంగుబాటును గూర్చియు, దానికి వైద్యుని ఆశ్రయించుట యెట్లు, ఎందులకు అను విషయమును గూర్చియు విద్యార్థులకు తెలుపుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. చివర కళాశాల పాలకవర్గము వారికొక విన్నపము కూడ కలదు.

దుఃఖము వేరు, వ్యాధి వేరు

దుఃఖము మానవ సహజము. ఆప్తులు మరణించినను, పరీక్ష తప్పినను, పంట మునిగినను మనస్సు బాధపడును. ఆ బాధ కొన్నాళ్లకు తనంత తానుగా నెమ్మదించును. నలుగురు వచ్చి పలుకరించిన కొంత తగ్గును. ఇష్టమైన పని చేసిన మరికొంత తగ్గును. కుంగుబాటను వ్యాధి యట్టిది కాదు. అది వచ్చిన పిమ్మట సంతోషమును పుట్టించు ద్వారములే మూసికొనిపోవును.

వైద్యులు దీనికి కొన్ని గుర్తులు చెప్పుదురు. దినమంతయు మనస్సు భారముగా నుండుట, లేక ఇదివరకు ఇష్టమైన పనులపై ఆసక్తి నశించుట, ఈ రెండింటిలో నొకటి తప్పక యుండును. వీనికి తోడు నిద్ర పట్టకుండుట లేక అతినిద్ర, ఆకలి మందగించుట లేక మితిమీరుట, కారణము లేని అలసట, చదువునందు మనస్సు నిలువకుండుట, మాటయు నడకయు మందగించుట లేక నిలువలేని అలజడి, తాను నిష్ప్రయోజకుడనని తన్ను తాను నిందించుకొనుట, బ్రతుకు వద్దను తలంపు కలుగుట అనునవి చేరును. మొత్తము తొమ్మిదింటిలో ఐదు లేక అంతకు మించిన లక్షణములు రెండు వారములకు తక్కువ కాకుండ నిలిచి, చదువునకో సంసారమునకో ఆటంకము కలిగించినచో దానిని వ్యాధిగా నెంచి వైద్యుని చూడవలెను. చివరి లక్షణమైన మరణపు తలంపు ఒక్కటి కనబడినను రెండు వారములు ఆగవలసిన పని లేదు. ఆ దినముననే పోవలెను.

మన ప్రాంతమువారికి తెలిసిన యొక ఉపమానమును చెప్పుదును. కొల్లేటిలోనికి తమ్మిలేరు, బుడమేరు, మరికొన్ని వాగులు వచ్చి పడును. ఆ నీరంతయు సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరు ఒక్కటే దారి. వానలు కురియుట వలన మాత్రమే లంకలు మునుగవు. ఉప్పుటేరు పూడి నీరు పోవు దారి లేనప్పుడు మునుగును. దుఃఖము వాన వంటిది. కుంగుబాటు పూడిన ఉప్పుటేరు వంటిది. ఏటిని త్రవ్వి బాగుచేయుటకు పనివారు కావలయును. వాన వెలిసినంత మాత్రమున కార్యము కాదు.

ఈ వ్యాధి అరుదైనది కాదు. ప్రపంచమున సుమారు 28 కోట్ల మంది దీనిచే బాధపడుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించెను. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో పండ్రెండు రాష్ట్రములలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, మన దేశపు వయోజనులలో ఇంచుమించు ఇరువదిమందిలో ఒకరు జీవితకాలమున ఎప్పుడో యొకప్పుడు దీని పాలబడినవారేనని తేలెను. అంతకంటె విచారింపదగిన విషయము మరొకటి యున్నది. ఈ వ్యాధిగ్రస్తులలో నూటికి సుమారు 85 మందికి చికిత్స అందుట లేదని ఆ సర్వేయే తెల్పెను.

పూర్వులు దీనిని ఎరుగుదురు

ఇది పాశ్చాత్యులు కనిపెట్టిన క్రొత్త రోగమని కొందరు భావింతురు. అది పొరపాటు. క్రీ.శ. తొమ్మిది, పది శతాబ్దులలో జీవించిన అబూ జైద్ అల్‌బల్ఖీ అను పండితుడు దేహారోగ్యమును, ఆత్మారోగ్యమును జంటగా వివరించుచు 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్' అను గ్రంథమును రచించెను. అందులో నతడు విషాదమును విభజించి చూపెను. కారణము తెలిసిన విషాదమొకటి. అది ఆప్తులను, ఆస్తిని పోగొట్టుకొనుట వలన వచ్చును. కారణము తెలియని విషాదము వేరొకటి. దానికి మూలము శరీరములో నున్నది గనుక శరీరమునకు చికిత్స చేయవలెననియు, మంచి మాటలు కూడ అవసరమనియు అతడు బోధించెను. వెయ్యేండ్లకు పైబడిన మాట యిది. ఆ తరువాత ఇబ్న్ సీనా తన 'అల్‌ఖానూన్' వైద్య గ్రంథమున మాలిఖూలియా యను పేర నిట్టి వ్యాధిని చర్చించెను. 1284లో కైరో నగరమున స్థాపింపబడిన మన్సూరీ వైద్యశాలలో దేహరోగులతోపాటు మనోరోగులకును స్థానముండెను. మన దేశమున చరకాచార్యుడు రోగమును వృద్ధి చేయువానిలో విషాదమే అగ్రగణ్యమని చెప్పెను.

దుఃఖపడుట విశ్వాసలోపమని తలంచువారు కూడ మనలో కలరు. కుమారుడైన యూసుఫ్‌ను ఎడబాసి యాఖూబ్ ప్రవక్త కన్నులు తెల్లబడువరకు దుఃఖించెనని దివ్య ఖుర్‌ఆన్ తెల్పుచున్నది. ఖదీజా, అబూ తాలిబ్ గార్లు మరణించిన సంవత్సరమును ముస్లిములు దుఃఖ సంవత్సరమనియే పిలుతురు. భగవద్గీత మొదటి అధ్యాయమునకు అర్జున విషాదయోగమని పేరు. ప్రవక్తలకును వీరులకును కలిగిన దుఃఖము మనకు కలిగినచో అది పాపమెట్లగును?

దువాయును దవాయును

తాడేపల్లిగూడెము మొదలు ఏలూరు వరకు ఏ యింటిని చూచినను, మనస్సు చెదిరిన మనిషికి మొదట జరుగు ఉపచారము దిష్టి తీయుట, తాయెత్తు కట్టుట, దర్గాకో గుడికో తీసికొనిపోవుట. ప్రార్థన మనస్సునకు ఊరట నిచ్చుననుటలో సందేహము లేదు. కాని ప్రార్థనతో సరిపెట్టి వైద్యమును మానుట ప్రమాదము. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా సమీపమున నడుపబడుచుండిన యొక ప్రైవేటు ఆశ్రయములో అగ్నిప్రమాదము జరిగి, గొలుసులతో బంధింపబడియున్న 28 మంది మనోరోగులు పారిపోవు దారి లేక మరణించిరి. దేశము దిగ్భ్రాంతి చెందినది.

దీనికి మారుగా, గుజరాతులోని మెహసానా జిల్లా ఉనావాలో గల మీరా దాతార్ దర్గాలో మరొక పద్ధతి ఏర్పడినది. అచటికి వచ్చు రోగులకు ముజావర్లు దువా చేయుదురు. అటుపై వారినే మానసిక వైద్యుని యొద్దకు పంపుదురు. ఈ పద్ధతికి దవా-దువా యని పేరు. రోగి విశ్వాసమునకు భంగము లేదు, వ్యాధికి చికిత్స తప్పదు. ప్రతి వ్యాధికిని ఔషధము సృష్టింపబడియున్నదను ప్రవక్త బోధకు ఇదియే అనుగుణమని నా విశ్వాసము.

ఇచట నా స్వవిషయమొకటి చెప్పక తప్పదు. సంకోచము కలదు, కాని దాచవద్దని ఇతరులకు బోధించుచు నేను దాచుట న్యాయము కాదు. 2016వ సంవత్సరమున నాకు ఏ లోటును లేదు. ఉద్యోగము స్థిరము, పిల్లలు చదువుకొనుచుండిరి, అప్పులు లేవు. అయినను తెల్లవారుజామున మూడు గంటలకు మెలకువ వచ్చి మరల నిద్ర పట్టకుండెను. జవాబు పత్రముల కట్ట విప్పి, మొదటి పత్రము యొక్క మొదటి పుటనే గంటసేపు చూచుచు కూర్చుండెడివాడను. రంజాను మాసమున ఇఫ్తారు వేళ నలుగురి నడుమ కూర్చున్నను ఖర్జూరపు పండు నోటిలో రుచి లేకుండెను. మా అమ్మీ "నజర్ లగీ హై బేటా" యని మిరపకాయలు దిగదుడిచెను. మామూ తావీజు తెచ్చి కట్టెను. నేనెవరికిని అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పుటకును ఓపిక లేకుండెను.

ఒకనాడు మా ఉర్దూ ఉపన్యాసకులు, మసీదులో నా ప్రక్కన నిలిచి నమాజు చేయు పెద్దమనిషి, వరండాలో నన్ను నిలిపి అడిగిరి: "ఏం మాస్టారూ, మూడు నెలలుగా చూస్తున్నాను, మీరు మీరులా లేరు. రాత్రిళ్లు నిద్ర పడుతోందా?" అంతవరకు నన్నా ప్రశ్న అడిగినవారు లేరు. నాకు కన్నీరు వచ్చెను. వారు నా భుజముపై చేయి వేసి, "దువా నేను చేస్తాను. దవా మాత్రం మీరే తెచ్చుకోవాలి" అనిరి.

ఏలూరులో వైద్యులుండగా, తెలిసినవారు చూతురేమోయని, మూల్యాంకనమునకు పోవుచున్నానని ఇంట అబద్ధమాడి విజయవాడకు పోయితిని. అచటి ఆసుపత్రి బల్లపై తల్లి ప్రక్కన కూర్చున్న యువకుడొకడు నన్ను చూచి ముఖము త్రిప్పుకొనెను. నేనును త్రిప్పుకొంటిని. అతడు కొల్లేటి లంక గ్రామము నుండి వచ్చి నా తరగతిలో చదివినవాడు. అంతకు ముందేడు హాజరు చాలలేదని అతనిని పరీక్షకు కూర్చుండనీయని వారిలో నేనొకడను. పట్టీలో అతని గైర్హాజరులను లెక్కించితిని గాని, అవి ఎందుకు వచ్చినవని ఒక్కనాడైనను అడుగలేదు. కొంతసేపటికి అతడే లేచి వచ్చి, "నమస్కారం మాస్టారూ. మీరు కూడా ఇక్కడికే వచ్చారా? అయితే ఇక నాకు సిగ్గు లేదండి" అనెను. నేను ఆరు నెలలకు కోలుకొంటిని. అతడు మరుసటి సంవత్సరము పరీక్ష వ్రాసి ఉత్తీర్ణుడయ్యెను. ఒక పెద్దమనిషి నన్ను అడిగినాడు గనుక నేను బ్రదికితిని. నేను ఆ విద్యార్థిని అడుగలేదు గనుక అతనికి ఒక సంవత్సరము నష్టమయ్యెను. ఈ వ్యాసమునకు మూలము అదియే.

వైద్యుని యొద్ద జరుగునదేమి?

తెలియనిదానిని చూచి భయపడుట సహజము. కావున అచట జరుగునది తెలిసికొందము. సైకియాట్రిస్టు అనబడు మానసిక వైద్యుడు ఎం.బి.బి.ఎస్. పిమ్మట మానసిక వైద్యమున ప్రత్యేక శిక్షణ పొందినవాడు. మందులు వ్రాయుటకు అర్హుడు. క్లినికల్ సైకాలజిస్టు మాటల ద్వారా చేయు చికిత్సలో శిక్షణ పొందినవాడు; మందులు వ్రాయడు. ఇరువురును కలిసి పనిచేయుదురు.

మొదటినాడు వైద్యుడు నిద్ర, ఆకలి, చదువు, ఇంటి పరిస్థితులు, వంశములో నెవరికైన నిట్టి బాధ కలిగెనా యనునవి అడుగును. థైరాయిడ్ లోపము, రక్తహీనత మున్నగు దేహరోగములు కూడ ఇట్టి లక్షణములను కలిగించును గనుక రక్తపరీక్షలు చేయింపవచ్చును. చనిపోవలెనను తలంపు వచ్చినదా యని కూడ సూటిగా అడుగును. అట్లడుగుట వలన లేని తలంపు పుట్టదు. ఉన్న తలంపు బయటపడి భారము తగ్గును. రోగి నిజము చెప్పవలెను.

మాటల చికిత్సలో పేరుగన్నది అమెరికా వైద్యుడు ఆరన్ బెక్ 1960ల నాటినుండి పెంపొందించిన పద్ధతి. ఉదాహరణమునకు, అకౌంటెన్సీలో తప్పిన విద్యార్థి "నేనెందుకూ పనికిరాను" అని తీర్మానించుకొనును. చికిత్సకుడు ఆ తీర్మానమును కాగితముపై వ్రాయించి, దానికి సాక్ష్యమేమని అడుగును. నాలుగు పరీక్షలలో మూడింట ఉత్తీర్ణుడైన సంగతి అప్పుడు రోగికే గుర్తునకు వచ్చును. పిమ్మట చిన్న చిన్న పనులు నిర్ణయింపబడును. ఉదయము కాలువ గట్టున పావుగంట నడక, సాయంకాలము ఒక మిత్రునితో మాట, రాత్రి రెండు పుటల చదువు. మనస్సు బాగుపడిన తరువాత పని చేయుదమని వేచియుండక, పని చేయుచు మనస్సును బాగుచేసికొనుట దీని రహస్యము.

గోవా రాష్ట్రములో సంగాత్ అను సంస్థ వారు డాక్టరు విక్రమ్ పటేల్ ప్రభృతుల ఆధ్వర్యమున నిట్టి చికిత్సను పరీక్షించిరి. చికిత్స చేసినవారు వైద్యులు కారు; కొలది వారముల శిక్షణ పొందిన సామాన్య కౌన్సెలర్లు. ఆరు మొదలు ఎనిమిది పర్యాయములు రోగితో కూర్చుండి మాటలాడిరి. మూడు నెలలకు ఈ చికిత్స పొందినవారిలో 64 శాతము మందికిని, పొందనివారిలో 39 శాతము మందికిని వ్యాధి శమించెను. ఇది ప్రసిద్ధమైన లాన్సెట్ పత్రికలో ప్రచురింపబడినది.

వ్యాధి తీవ్రమైనచో మందులు అవసరమగును. ఇవి మత్తుమందులు కావు, అలవాటుపడునవియు కావు. వేసికొన్న మరునాడే గుణము కనబడదు. రెండు మొదలు నాలుగు వారములు, ఒక్కొక్కప్పుడు మరికొంతకాలము పట్టును. మొదటి దినములలో వికారము, తలనొప్పి వంటివి రావచ్చును, తరచుగా తగ్గిపోవును. యువకులకు మొదటి వారములలో ఆందోళన పెరిగినచో వెంటనే వైద్యునికి చెప్పవలెను. గుణము కనబడినదని మధ్యలో మానరాదు. కోలుకొన్న పిమ్మట కనీసము ఆరు నెలలు వాడి, వైద్యుని సలహాపై క్రమముగా తగ్గింపవలెను. మనలో అనేకులు చేయు తప్పిదము ఇచటనే యున్నది.

మన జిల్లాలోనే ఋజువైన సత్యము

ఇవన్నియు పట్టణవాసులకు, ధనికులకు చెందిన మాటలని కొందరనవచ్చును. దానికి సమాధానము మన నేలపైననే కలదు. నాటి పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అను పరిశోధన సంస్థ వారు స్మార్ట్ మెంటల్ హెల్త్ అను పేర నొక కార్యక్రమమును నడిపిరి. ఆశా కార్యకర్తలు చేత టాబ్లెట్ యంత్రములు పట్టుకొని ఇంటింటికి పోయి, నిద్రయెట్లున్నది, మనస్సెట్లున్నదని నిర్ణీతమైన ప్రశ్నలడిగిరి. కుంగుబాటో, ఆందోళనయో, ఆత్మహత్యా భావమో కలదని తోచినవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని యొద్దకు పంపిరి. ఆ వైద్యులకు ప్రత్యేక శిక్షణ నిచ్చిరి. అంతకు ముందుగా గ్రామములలో నాటకములు, చలనచిత్రములు ప్రదర్శించి, మనోవ్యాధి సిగ్గుపడదగినది కాదని ప్రచారము చేసిరి.

మొదట ముప్పది గిరిజన గ్రామములలో ఐదువేలమందిని ప్రశ్నింపగా 238 మందికి సహాయము అవసరమని తేలెను. అంతకు పూర్వము వారిలో వైద్యసహాయము పొందినవారు 0.8 శాతము మాత్రమే. కార్యక్రమ కాలమున అది 12.6 శాతమునకు పెరిగెను. తరువాత మరి పండ్రెండు గ్రామములలో ఇరువదిరెండు వేలకు పైబడిన వయోజనులను ప్రశ్నించి, 900 మందిని వైద్యుని చూడుమని కోరగా, 731 మంది, అనగా నూటికి 81 మంది, పోయి చూపించుకొనిరి. పూర్వము అట్లు పోయినవారు నూటికి ముగ్గురో నలుగురో. ఈ అనుభవముపై ఆంధ్రప్రదేశ్, హర్యానా రాష్ట్రములలో 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలో మరింత పెద్ద పరీక్ష జరిగెను. 2024లో ప్రచురింపబడిన దాని ఫలితములలోను, ఈ పద్ధతి నడచిన గ్రామములందు కుంగుబాటు ఎక్కువగా తగ్గినట్లు తేలెను.

ఈ అంకెలు మనకు చెప్పునదేమి? మన పల్లెవారికి వైద్యముపై ద్వేషము లేదు. వారిని అడిగినవారు లేరు, దారి చూపినవారు లేరు. గుమ్మము ముందు నిలిచి ఒకరు ప్రశ్నించి, దగ్గరలో వైద్యుడున్నాడని చెప్పినప్పుడు, ఆ ప్రజలే నడచి పోయిరి.

కొల్లేటి ప్రజలకు ఈ మాట మరింత అవసరము. 2006లో అభయారణ్య పరిధిలోని చేపల చెరువుల గట్లు కొట్టివేయబడినప్పుడు జీవనోపాధి పోయిన కుటుంబములు కలవు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చి లంక గ్రామములను చుట్టుముట్టెను. చేపల ధర, రొయ్యల రోగము, అప్పు, వడ్డీ అను చక్రములో తిరుగు రైతులెందరో కలరు. "అంత నష్టం వచ్చినవాడికి దిగులుండదా" యని చుట్టుప్రక్కలవారు సానుభూతితో చెప్పి ఊరకుందురు. కారణము తెలిసినంత మాత్రమున వ్యాధి వ్యాధి కాకపోదు. లారీ క్రింద పడి కాలు విరిగినదని తెలిసినను కట్టు కట్టవలసినదే కదా!

ఎచటికి పోవలెను? చట్టమేమి చెప్పుచున్నది?

ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో ప్రారంభమైనది. నగరపు శివారున ఆశ్రమ్ వైద్య కళాశాల 1999 నుండి యున్నది. వైద్య కళాశాలకు అనుబంధమైన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగముండుట నియమము. తాడేపల్లిగూడెము నుండి ఏలూరు సుమారు 50 కిలోమీటర్లు; రైలున్నది, బస్సున్నది. ప్రయాణమునకు కూడ ఓపిక లేనివారు 14416 సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. ఇది 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి-మానస్ సేవ. రాత్రింబవళ్లు ఉచితముగా, తెలుగులో మాటలాడుదురు. పేరు చెప్పవలెనను నిర్బంధము లేదు.

చట్టము కూడ రోగి పక్షముననే యున్నది. 1912 నాటి చట్టము పేరే ఇండియన్ లూనసీ ఆక్టు. దాని స్థానమున 1987లో మెంటల్ హెల్త్ ఆక్టు వచ్చినది. నేడు అమలులో నున్నది 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము. 2018 మే 29 నుండి అమలునకు వచ్చినది. ప్రభుత్వ సేవలలో మానసిక వైద్యమును పొందు హక్కు ప్రతి వ్యక్తికి కలదనియు, రోగి వివరములు రహస్యముగా నుంచవలెననియు, ఎవరినీ గొలుసులతో బంధింపరాదనియు అది శాసించుచున్నది. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తిని తీవ్రమైన మానసిక ఒత్తిడికి లోనైనవానిగా భావించి, సంరక్షణ కల్పించుట ప్రభుత్వ విధియని కూడ చెప్పుచున్నది. చికిత్సకు పోయినచో పేరు బయటపడునని, ఉద్యోగము రాదని భయపడువారు ఈ విషయము గుర్తుంచుకొనవలెను.

పాలకవర్గమునకు విన్నపము

విశాఖపట్నములో 2023లో జరిగిన యొక విద్యార్థిని మరణమునకు సంబంధించిన కేసులో, సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు చెప్పెను. నూరుమంది లేక అంతకు మించిన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు అర్హతగల కౌన్సెలరునో, మనస్తత్వ నిపుణునో, సామాజిక కార్యకర్తనో ఒకరినైనను నియమింపవలెననియు, చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధము పెట్టుకొనవలెననియు ఆదేశించెను. మన కళాశాలకును ఇది వర్తించును. పాలకవర్గమువారిని వినయపూర్వకముగా కోరునది మూడు కార్యములు. వరండాకు దూరముగా, తలుపు మూసికొనుటకు వీలైన చిన్న గది యొకటి కేటాయించుట మొదటిది. తెలుగు, ఉర్దూ భాషలు రెండును తెలిసిన కౌన్సెలరు వారమునకు నిర్ణీత దినములలో అచట కూర్చుండునట్లు ఏర్పాటు చేయుట రెండవది. దుఃఖమును మనిషి తల్లిభాషలోనే చెప్పగలడు గనుక ఈ నియమము ముఖ్యము. హాజరు తగ్గిన విద్యార్థికి నోటీసు పంపుటకు ముందు ఉపన్యాసకుడొకడు అతనిని పిలిచి మాటలాడవలెనను నియమము మూడవది. దీనికి ఖర్చు లేదు. నేను చేయవలసియుండి చేయని పని యిది.

విద్యార్థులకు చెప్పునది స్వల్పము. మిత్రుడు నాలుగు దినములు కనబడకున్నను, కాంటీనులో అందరి నడుమ కూర్చుండి మాటలాడకున్నను, ఇష్టమైన క్రికెట్టు మానివేసినను, ప్రక్కకు తీసికొనిపోయి "రాత్రి నిద్ర పడుతోందా?" అని అడుగుడు. చెప్పినది వినుడు, నీతులు చెప్పకుడు, ధైర్యముగా నుండుమని గద్దించకుడు. అవసరమైనచో వెంట ఏలూరు ఆసుపత్రికి పోయి ఓ.పి. చీటీ వ్రాయించి, ప్రక్కన కూర్చుండుడు. చనిపోవుదునని చెప్పినచో ఒంటరిగా విడువకుడు. రహస్యమని మాట యిచ్చియున్నను పెద్దలకు తెలుపుడు. ఆ బాధ మీదే యైనచో, అమ్మకో, అబ్బాకో, అక్కకో, ఉపన్యాసకునికో ఒక్క వాక్యము చెప్పుడు: "నాకు బాగుండడం లేదు, డాక్టరుకు చూపించండి." అంతకు మించి వివరింపవలసిన పని లేదు. తక్కినది అడుగుట వైద్యుని వంతు.

నేను విజయవాడకు అబద్ధమాడి పోయితిని. మీలో నెవరికైన నట్టి అవసరము కలిగినచో, ఏలూరులోనే, ఇంట నిజము చెప్పి, తల యెత్తుకొని పోవుదురని ఆశించుచున్నాను.